అప్పుల్లో ఉన్న తోడల్లుడి సామాను మా ఇంట్లో పెట్టుకోమంటున్నారు. నా మెడకు చుట్టుకునేవి ఏమిటి?

మహేంద్రతనయ_ఒడ్డు:

నమస్కారం. గజపతి, రాయగడ జిల్లాల కోర్టు వ్యవహారం తెలిసినవాళ్లు చెబుతారని అడుగుతున్నాను. మాది పర్లాకిమిడి. మా తోడల్లుడిది గుణుపురం దగ్గర పల్లె, రెండెకరాల సాగు, ఒక కిరాణా కొట్టు. ఒక ప్రైవేటు ఫైనాన్సు ఆయనకు ప్రోనోటు మీద 6 లక్షలు బాకీ. ఆయన దావా వేశాడు, సమన్లు అందాయి. కొట్టు మీద బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) లోను 4 లక్షలు, ట్రాక్టరుకు ఇంకా 11 కిస్తీలు ఉన్నాయి. మా మరదలి పేర మైక్రోఫైనాన్సు గ్రూపు లోను 45,000.

మంచాలు, వంట సామాను, బీరువా, ఫ్రిజ్, 9 తులాల బంగారం, ఎడ్ల జత, కొట్టు సరుకు కొంత మా ఇంటికి పంపుతామంటున్నారు. ట్రాక్టరును పాతపట్నంలో మా పెదనాన్న గారి కళ్లంలో పెట్టాలట, ఆంధ్రా వైపైతే వీళ్లు రాలేరని. గుణుపురంలో 8 డిసిమిళ్ల ఖాళీ స్థలం (మన లెక్కలో 8 సెంట్లు) నా పేర అమ్మకంగా రాసేసి, గొడవ సద్దుమణిగాక తిరిగి రాయించుకుంటారట. డబ్బు చేతులు మారదు. కాదంటే చుట్టరికం చెడుతుంది, అవునంటే ఏమవుతుందో తెలియదు.

ఈపీ_గుమస్తా:

అన్నీ ఒకే గంపలో వేసి చూడకండి. మీరు రాసినవాటిలో సగం అసలు దాచనక్కర్లేనివి.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908లో సెక్షన్ 60 చదివించుకోండి. కట్టుబట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు జప్తు చేయకూడదు. ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీంచి తీయకూడని నగకు, అంటే మంగళసూత్రానికి, అదే రక్షణ ఉంది. బాకీదారు రైతైతే సాగు పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు ఒప్పుకున్నంత మేర ఎడ్లు, విత్తనాలు వదిలేయాలి. రైతు గానీ కూలీ గానీ తాను కాపురముంటున్న సొంత ఇల్లు, దాని దొడ్డి మామూలు డబ్బు డిక్రీలో (బాకీ కట్టమని కోర్టు ఇచ్చే తీర్పులో) జప్తుకు రావు (ఆ ఇంటినే తనఖా పెట్టి ఉంటే మాత్రం ఈ మాట చెల్లదు). జీవిత బీమా సొమ్ము, పీపీఎఫ్ కూడా అంతే. ‘ఈ మినహాయింపులు నాకు అక్కర్లేదు’ అని నోటులో ముందే రాయించుకున్నా చెల్లదని 60(1ఏ)లో ఉంది.

ఇప్పుడు వీటిని రాత్రికి రాత్రి బండికెత్తితే ఏమవుతుందో చూడండి. మంచం, గిన్నెలు ఇంట్లో ఉంటే అమీనా (జప్తుకు వచ్చే కోర్టు ఉద్యోగి) వాటిని ముట్టుకోలేడు. అవి బండెక్కిన సంగతి ఊళ్లో ఎవరో ఫైనాన్సు ఆయన చెవిన వేస్తే, మరునాడే ఆయన వకీలు ‘ప్రతివాది ఆస్తి తరలిస్తున్నాడు’ అని అఫిడవిట్ వేస్తాడు. ఆర్డర్ 38 రూల్ 5 కింద తీర్పు రాకముందే జప్తు అడగడానికి కావలసిన కారణం అదే. డిక్రీ వచ్చాక బాకీదారుణ్ణి సివిల్ జైలుకు పంపమని అడిగేటప్పుడూ అదే అక్కరకొస్తుంది. సెక్షన్ 51 ప్రకారం కట్టలేని పేదరికం ఒక్కటే జైలుకు కారణం కాదు. దావా వేశాక ఆస్తిని దురుద్దేశంతో బదిలీ చేయడం, దాచడం, తరలించడం కారణమవుతాయి. పది వేలు చేయని సామాను కాపాడబోయి మీ తోడల్లుణ్ణి మీరే ఆ గీత దాటించినట్టవుతుంది.

ఇక మీ సంగతి. సామాను మీ ఇంట్లో ఉంటే జప్తు కాదనుకోవడం పొరపాటు. బాకీదారు చేతిలో లేని చరాస్తికి ఆర్డర్ 21 రూల్ 46 ఉంది. కోర్టు మీ పేర నిషేధపు ఉత్తర్వు పంపుతుంది, ఆ వస్తువులు అతనికి తిరిగి ఇవ్వకూడదని. అది అందిన రోజు నుంచి ఆ బీరువా, ఫ్రిజ్‌లకు కోర్టుకు మీరు జవాబుదారు. మరదలు వచ్చి ‘ఫ్రిజ్ పంపండి బావగారూ’ అంటే పంపలేరు, ‘నా దగ్గర ఏమీ లేవు’ అని కోర్టులో అనలేరు. ప్రమాణం చేసి అబద్ధం చెబితే అది వేరే నేరం.

ఒక సంతకం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, చుట్టాలు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే. జప్తుకొచ్చిన అమీనా ఇల్లంతా తిరిగి జాబితా రాస్తాడు: ‘స్టీలు బీరువా ఒకటి, తలుపు అద్దం పగిలినది, ఫ్రిజ్ ఒకటి, పని చేయుచున్నది, ఇనుప త్రాసు ఒకటి’. పశువులు, సాగు సామాను, మోయలేని వస్తువులు ఉంటే రూల్ 43ఏ కింద ఊళ్లోనే ఒక పెద్దమనిషి స్వాధీనంలో వదిలి వెళ్లవచ్చు. ‘ఎవరైనా సంతకం పెట్టండి, సామాను ఇక్కడే ఉంటుంది’ అనగానే చుట్టం ముందుకొస్తాడు. సాయమే, కానీ ఏం రాసిందో చూసి పెట్టండి. కోర్టు చెప్పిన రోజున, చెప్పిన చోట, అదే స్థితిలో ఆ వస్తువులు హాజరు పరచకపోతే నష్టం మీరు కట్టాలి. ఆ సొమ్మును జామీనుదారు మీద వసూలు చేసినట్టే, వేరే దావా లేకుండా మీ మీద వసూలు చేస్తారు. ఎద్దు జబ్బు పడితే అదే రోజు పశువైద్యుడి చీటీ తీసుకుని కోర్టుకు తెలపండి. తర్వాత చెబితే నమ్మేవాళ్లుండరు.

అమీనా వచ్చే తీరు కూడా తెలిసి ఉండాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇంట్లోకి రాకూడదు. వాకిలి తలుపు పగలగొట్టాలంటే అది బాకీదారు ఉంటున్న ఇల్లై ఉండాలి, అతను లోపలికి రానివ్వనని అని ఉండాలి. ఇది సెక్షన్ 62. వారంటు చూపించమని అడిగే హక్కు మీకుంది. చేయి అడ్డం పెట్టే హక్కు లేదు.

సివిల్_ప్లీడరు_రాయగడ:

పైన చెప్పినదంతా సరే. నేను స్థలం విషయం చెబుతాను. మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదం అదే, అందరూ తేలిగ్గా తీసుకునేదీ అదే.

ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 53 ప్రకారం అప్పులవాళ్లను (అప్పిచ్చినవాళ్లను) ఎగ్గొట్టాలని గానీ జాప్యం చేయాలని గానీ చేసిన స్థిరాస్తి బదిలీని ఏ అప్పులవాడైనా రద్దు చేయించవచ్చు. నిజమైన వెల ఇచ్చి, సదుద్దేశంతో కొన్నవాడికే రక్షణ. మీ కేసులో కోర్టు చూసేవన్నీ ఒకే వైపు ఉన్నాయి. సమన్లు అందాక రాసింది. కొన్నది తోడల్లుడు. సొమ్ము ఏ ఖాతాలోంచీ కదల్లేదు. స్థలం ఇంకా పాతాయన అనుభవంలోనే ఉంది. సాక్షులు కూడా ఇంటివాళ్లే.

రద్దుతో పోతే ఫరవాలేదు. అమ్మకం దస్తావేజులో ‘రూ. 5 లక్షలు ముట్టినవి’ అని రాయాలి కదా, ముట్టలేదు. వెల గురించి తప్పుడు మాట రాసిన దస్తావేజు మీద దురుద్దేశంతో సంతకం పెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 322 కింద నేరం. రాసినవాడే కాదు, అందులో భాగస్వామి అయినవాడూ నేరస్తుడే. సామాను దాచడానికి 323 ఉంది. తన ఆస్తి గానీ ఇంకొకరి ఆస్తి గానీ మోసంతో దాచినా, తరలించినా, అందుకు సాయపడినా 3 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. ‘సాయపడినా’ అన్న మాట చట్టంలోనే ఉంది, మీలాంటి వాళ్ల కోసమే ఉంది. 2024 జులై 1కి ముందు జరిగినవాటికి పాత ఐపీసీ సెక్షన్లు వర్తిస్తాయి.

దానపత్రం రాసుకుంటే సరిపోదా అని అడుగుతారు. వెల అబద్ధం ఉండదు, నిజమే. కానీ ఉచితంగా పుచ్చుకున్నవాడికి సెక్షన్ 53లో రక్షణ లేదు కాబట్టి అది మరీ సులువుగా పడిపోతుంది.

‘తిరిగి రాసిచ్చేద్దువు’ అన్న మాటలోనూ చిక్కుంది. తిరిగి రాయాలంటే మళ్లీ స్టాంపు డ్యూటీ, మళ్లీ రిజిస్ట్రేషన్ ఖర్చు. ఈలోగా మీరు పోతే ఆ స్థలం మీ వారసులది, వాళ్లు ఒప్పుకోవాలి. మీకే ఏదైనా అప్పు ఉంటే మీ అప్పులవాడు మీ పేర ఉన్న ఆ స్థలాన్ని జప్తు చేయవచ్చు. అప్పుడు మీ తోడల్లుడు కోర్టుకు వెళ్లి ‘నిజానికి అది నాదే, నా అప్పులవాళ్ల నుంచి తప్పించడానికి రాశాను’ అంటే ఆ మోసం తాలూకు ఫలం ఇప్పించమని అడిగినట్టే, కోర్టు చేయి అందించదు. చుట్టరికం చెడకూడదని మొదలుపెట్టిన పని, మూడేళ్ల తర్వాత రెండు కుటుంబాల మధ్య దావా అయ్యేది ఈ దారినే.

ఇంకొకటి. అతని డబ్బుతో మీ పేర కొత్తగా ఏదైనా కొంటే, స్థలమైనా బండైనా, బినామీ చట్టం కిందికి వస్తుంది. 1988 చట్టాన్ని 2016లో సవరించాక, అప్పులవాళ్లకు కట్టకుండా తప్పించుకోవడానికి బినామీ వ్యవహారం చేస్తే అసలు యజమానికీ, పేరు అరువిచ్చినవాడికీ, ప్రోత్సహించినవాడికీ 1 నుంచి 7 ఏళ్ల కఠిన శిక్ష, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం వరకు జరిమానా. ఆస్తి కూడా సర్కారుకు పోతుంది.

లోన్_డెస్క్:

ట్రాక్టరు, కొట్టు సరుకు ఈ రెండింటి జోలికి అసలు పోకండి. అవి ఇప్పటికే హైపోథికేషన్‌లో ఉన్నాయి, అంటే వస్తువు అతని దగ్గరే ఉన్నా అప్పుకు తాకట్టే.

ఆర్‌సీ పుస్తకంలో ఫైనాన్సు కంపెనీ పేరుంటుంది. వాళ్ల సమ్మతి లేకుండా పేరు మార్పు జరగదు, మోటారు వాహన చట్టం సెక్షన్ 51 అదే. కిస్తీలు ఆగి బండి కనబడకపోతే ఒప్పందంలోని ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) షరతు పట్టుకుని కోర్టులో రిసీవరును (ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారిని) నియమింపజేసుకుంటారు, ఆ రిసీవరు పోలీసు సాయంతో వస్తాడు. పాతపట్నం పర్లాకిమిడికి కూతవేటు దూరం. జిల్లా మారినా, రాష్ట్రం మారినా ఉత్తర్వు అక్కడికీ వెళుతుంది. డబ్బు డిక్రీ అయినా సరే, ఆస్తి ఉన్న చోటి కోర్టుకు బదిలీ చేయించుకుని అక్కడ అమలు చేసుకుంటారు. సరిహద్దు దాటితే తప్పిపోతుందన్నది మన వైపు బాగా పాతుకుపోయిన అపోహ.

పెదనాన్న గారికి ఇంకో ముప్పుంది. కిస్తీ కట్టలేనివాడు ఇన్సూరెన్సు కూడా కట్టడు. కళ్లంలో ఉన్న ట్రాక్టరును ఎవరో ఒకరు దుక్కికి తీస్తారు, రోడ్డెక్కుతుంది. ఇన్సూరెన్సు లేని బండి మనిషిని గుద్దితే నష్టపరిహారం ఆర్‌సీలో పేరున్న యజమాని మీదా, నడిపినవాడి మీదా పడుతుంది. అది లక్షల్లో ఉంటుంది.

కొట్టు సరుకైతే నెలనెలా స్టాకు స్టేట్‌మెంట్ ఇచ్చి ఉంటాడు కదా. అందులో 5 లక్షల సరుకు చూపించి, తనిఖీకి వచ్చిన రోజు అరలు ఖాళీగా ఉంటే, బ్యాంకు దాన్ని వసూలు కేసుగా వదలదు, పోలీసు ఫిర్యాదుకు వెళుతుంది. ఆ బస్తాలు మీ వసారాలో దొరికితే మీ పేరూ అందులో ఉంటుంది. ఇల్లో స్థలమో బ్యాంకుకు తాకట్టు ఉండి సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకు నేరుగా స్వాధీనం చేసుకునే చట్టం) కింద 60 రోజుల నోటీసు వచ్చి ఉంటే, ఆ తర్వాత బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మినా, లీజుకిచ్చినా అది కూడా శిక్షార్హమే.

ట్రాక్టరును దాచే బదులు అమ్మించండి. ఫైనాన్సు వాళ్ల దగ్గర ముగింపు మొత్తం ఎంతో లెటరు మీద తీసుకోవాలి. కొనేవాడు ఆ మొత్తం నేరుగా లోను ఖాతాలో వేయాలి, మిగతాది మీ తోడల్లుడి ఖాతాకు. ఫైనాన్సు వాళ్ల నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 వచ్చాక ఫారం 29, 30తో పేరు మార్పు. కొనేవాడు ఆంధ్రా వైపు వాడైతే ఫారం 28 కూడా కావాలి. వేలంలో వచ్చే ధర కన్నా ఇలా అమ్మితే వచ్చేది సాధారణంగా ఎక్కువ. అప్పు కూడా తెగుతుంది.

మహేంద్రతనయ_ఒడ్డు:

చాలా సాయం చేశారు. స్థలం, ట్రాక్టరు, సరుకు వద్దని చెప్పేస్తాను. బంగారం మాటేమిటి? అందులో 5 తులాలు మరదలికి పుట్టింటివాళ్లు పెట్టినవి. నా లాకరులో పెట్టనా, లేక నా పేర తాకట్టు పెట్టి ఆ డబ్బు వాళ్లకివ్వనా?

సివిల్_ప్లీడరు_రాయగడ:

పుట్టింటివాళ్లు పెట్టింది ఆమె స్త్రీధనం. భర్త ప్రోనోటుకు అది బాధ్యత వహించదు, ఆ నోటు మీద ఆమె కూడా సంతకం పెట్టి ఉంటే తప్ప. కాబట్టి ముందు నోటు నకలు తీసి ఎవరెవరి సంతకాలున్నాయో చూడండి. ఆమె సంతకం లేకపోతే ఆ 5 తులాలు దాచే పనే లేదు. ఆమె పేర ఉన్న లాకరులో, ఆమె చేతిలో ఉండడమే మంచిది. మీ లాకరులోకి వెళితే ఆమె సొత్తుకు కూడా లేని అనుమానం అంటుకుంటుంది.

ఆమె చేయవలసింది రుజువు పోగేసుకోవడం. పెళ్లి ఫొటోల్లో ఏ నగ ఒంటి మీద కనిపిస్తుందో ఆ ఫొటోలు, కొన్నప్పటి బిల్లులు ఆమె తండ్రి పేర ఉంటే అవి, ఇప్పటి తూకం చీటీ. రేపు ఎవరైనా జప్తు చేస్తే ఆర్డర్ 21 రూల్ 58 కింద క్లెయిమ్ పిటిషన్ వేయాలి. విడిగా దావా వేయడం కుదరదు, జప్తు చేసిన ఆ కోర్టులోనే తేలాలి. వేలం అయిపోయాక వస్తే వినరు, కావాలని ఆలస్యం చేసినా వినరు. మీరు అరువిచ్చిన వస్తువు ఏదైనా అతని ఇంట్లో ఉండి జప్తయితే మీకూ ఇదే దారి.

మిగిలిన 4 తులాలు అతనివి. మంగళసూత్రం తప్ప మిగతావి జప్తుకు వస్తాయి. మీ పేర తాకట్టు పెట్టవద్దు. ‘ఈ నగలు నావే’ అని బ్యాంకు ఫారంలో మీరు సంతకం పెట్టాలి, అది అబద్ధం. వడ్డీ మీది, వేలం నోటీసు మీకు, సిబిల్ (అప్పు చరిత్ర స్కోరు) దెబ్బ మీకు. అమ్మదలుచుకుంటే అతనే అమ్మి ఫైనాన్సు ఆయనకు కట్టి, నోటు వెనక చెల్లు వేయించుకోవాలి.

ఈపీ_గుమస్తా:

దీనికి ఒక మాట కలుపుతాను. దాచడానికి కాకుండా, ఇల్లు మారుతున్నారనో వాన నీరు కారుతోందనో చుట్టాల సామాను పెట్టుకోవడం నేరం కాదు. ఉద్దేశం ఏమిటన్నదే ప్రశ్న. అలా పెట్టుకుంటే కాగితం ఉండాలి. ఆ కాగితం దాచడానికి పనికొచ్చేది కాకూడదు, ఎవరు అడిగినా చూపించగలిగేది కావాలి. ఇంత చాలు:

‘ఫలానా తేదీన ఫలానా వారి ఈ క్రింది వస్తువులు భద్రత కొరకు నా ఇంట ఉంచడమైనది. వీటికి యజమాని వారే. నాకు వీటిపై ఎట్టి హక్కూ లేదు. వీటి కొరకు సొమ్ము ఇవ్వలేదు, తీసుకోలేదు. కోర్టు ఉత్తర్వు వచ్చిన యెడల హాజరు పరచగలను.’

కింద వస్తువుల పట్టిక, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. ఫ్రిజ్ అయితే కంపెనీ, సీరియల్ నంబరు. బీరువా అయితే తాళంచెవి ఎవరి దగ్గరుందో రాయాలి. మూసిన పెట్టె పుచ్చుకోవద్దు, తెరిచి లోపలివి రాసుకోండి. రేపు ‘అందులో రెండు లక్షలు పెట్టాను’ అంటే నమ్మకద్రోహం కేసు మీ మీదే పడుతుంది.

బంగారాన్ని తులాల్లో రాయవద్దు. పాతవాళ్ల తులం 11.66 గ్రాములు, ఇప్పుడు షాపుల్లో తులమంటే 10. మీరు చెప్పిన 9 తులాలు ఒక లెక్కలో 90 గ్రాములు, ఇంకో లెక్కలో దాదాపు 105. తిరిగి ఇచ్చే రోజు ఆ 15 గ్రాములే తగువు. ఒక్కొక్క నగను త్రాసు మీద పెట్టి, అంకె కనిపించేలా ఫొటో తీయండి. రాళ్లున్నవి వేరుగా రాయండి. హాల్‌మార్కు మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉంటే అదీ రాయండి, ఆ నగ అదేనని తేల్చడానికి పనికొస్తుంది.

మీ వస్తువులు, వాళ్ల వస్తువులు ఒకే గదిలో కలపకండి. రూల్ 46 ఉత్తర్వు వచ్చిన రోజున మీ టీవీ మీదేనని చూపాల్సిన బాధ మీకెందుకు?

కాశీనగర్_వ్యాపారి:

ఇంత దూరం ఎందుకండీ. తోడల్లుడు మీకే 7 లక్షలు బాకీ ఉన్నట్టు పాత తేదీతో నోటు రాయించుకోండి. మీరే ముందు దావా వేసి రాజీ డిక్రీ తెచ్చుకుంటే వాళ్లకు ఏమీ మిగలదు. మార్కెట్టులో చాలామంది చెప్పే మాటే ఇది.

సివిల్_ప్లీడరు_రాయగడ:

దయచేసి ఎవరూ చేయవద్దు. మీరు మంచికే చెప్పారు, కానీ ఇప్పటిదాకా చెప్పినవాటిలో జైలుకు దగ్గరి దారి ఇదే. పాత తేదీ వేయడం దొంగ దస్తావేజు. లేని బాకీకి డిక్రీ తెచ్చుకోవడం, తెచ్చుకోనివ్వడం రెండూ నేరాలే, ఇద్దరూ దొరుకుతారు. దొరికిపోవడమూ కష్టం కాదు. ఈ-స్టాంపు మీద తేదీ, సమయం అచ్చై ఉంటాయి. నోటైతే ‘ఆ 7 లక్షలు ఏ బ్యాంకు నుంచి తీసిచ్చారు, ఆ ఏడాది మీ ఆదాయమెంత?’ అన్న రెండు ప్రశ్నలకే క్రాస్ ఎగ్జామినేషన్‌లో కూలిపోతుంది. 20,000 గానీ అంతకు మించి గానీ అప్పు నగదుగా పుచ్చుకుంటే ఆదాయపు పన్ను వాళ్ల జరిమానా కూడా ఉంది.

నిజంగా బాకీ ఉండి, అది తీర్చడానికి నిజమైన వెలకు స్థలం రాసిస్తే అది వేరు. ఒక అప్పులవాడికి ముందు కట్టడం దానికదే మోసం కాదు. ఐపీ (దివాలా పిటిషన్) పెట్టే ఆలోచన ఉంటే మాత్రం లెక్క మారుతుంది.

ముని_గూడ:

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. ఇదే ఇబ్బందిలో ఉన్న స్నేహితుడు ఆదివాసీ. పొలం నా పేర రాస్తానంటున్నాడు. నేను ఆదివాసీని కాను.

సివిల్_ప్లీడరు_రాయగడ:

వద్దు. రాయగడ జిల్లా షెడ్యూల్డ్ ఏరియా. 1956 నాటి రెగ్యులేషన్ 2 ప్రకారం ఆదివాసీ భూమి ఆదివాసీ కానివారికి బదిలీ కావడం చెల్లదు. పొలం ఆయనకే తిరిగి ఇప్పిస్తారు, మీకు శిక్ష కూడా ఉండవచ్చు. ఆయనకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. 15100కి ఫోన్ చేయించండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తీసుకెళ్లండి.

లోన్_డెస్క్:

మైక్రోఫైనాన్సు 45,000 సంగతి ఎవరూ చెప్పలేదు. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అది తాకట్టు లేని అప్పు. గిన్నెలు, సిలిండరు, సెల్‌ఫోను పట్టుకుపోవడానికి వాళ్లకు ఏ హక్కూ లేదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. తిట్లు, బెదిరింపులు నిషిద్ధం. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి, ఫోన్ 14448. ప్రోనోటు ఫైనాన్సు ఆయన మనుషులు కోర్టు కాగితం లేకుండా సామాను ఎత్తుకుపోబోతే 112కు ఫోన్ చేయండి. ఆ సమయంలో ఇంట్లో సాక్షిగా నిలబడి వీడియో తీయడం మీరు చేయగలిగిన సాయం, దానికి ఏ చట్టం అడ్డు రాదు.

మహేంద్రతనయ_ఒడ్డు:

ఇంట్లో చూపించాను. మరదలు ఒప్పుకుంది. మరి డబ్బు సాయం చేయాలంటే? నా దగ్గర లక్షన్నర ఉంది.

సివిల్_ప్లీడరు_రాయగడ:

అతని చేతికి నగదు ఇవ్వకండి. జామీనుగా సంతకం కూడా పెట్టకండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం జామీనుదారు బాధ్యత బాకీదారుతో సమానం. ముందు అతన్ని అడిగి తర్వాతే నీ దగ్గరికి రావాలి అనడానికి వీల్లేదు. లక్షన్నర ఇవ్వదలుచుకుంటే రాజీ కుదిరాక, మీ ఖాతా నుంచి నేరుగా ఫైనాన్సు ఆయన ఖాతాకు పంపండి. కాలం తీరకముందు కట్టి, కట్టినట్టు చెల్లు రాసి సంతకం చేస్తే అక్కడి నుంచి కొత్త కాలపరిమితి 3 ఏళ్లు మొదలవుతుంది. కాబట్టి నోటు కాలం తీరిందేమో ముందు చూసుకుని కట్టండి.

రాజీకి లోక్ అదాలత్ మంచి చోటు. పెండింగ్ దావా అక్కడ తెగితే కట్టిన కోర్టు ఫీజు వాదికి వాపసొస్తుంది, ఆయనకూ అదొక ఆశ. వడ్డీ తగ్గింపు, కిస్తీలు అడగండి. తీర్పు చెప్పేటప్పుడు కారణం చూపిస్తే కోర్టు కిస్తీలకు ఒప్పుకోవచ్చు, ఆర్డర్ 20 రూల్ 11. డిక్రీ అయిపోయాక కిస్తీలు కావాలంటే వాది ఒప్పుకోవాలి. అందుకే ఇప్పుడే అడగాలి.

ఫైనాన్సు ఆయనకు ఒడిశా మనీలెండర్స్ చట్టం 1939 కింద రిజిస్ట్రేషన్ ఉందా అన్నది వకీలుకు మొదట చెప్పాల్సిన విషయం. వడ్డీ వ్యాపారం చేస్తూ రిజిస్ట్రేషన్ లేకపోతే దావా మీదే గట్టి అభ్యంతరం ఉంటుంది.

ఇవేవీ కుదరకపోతే ఐపీ ఉంది. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం మన జిల్లాల్లో ఇంకా నడుస్తోంది. ఆస్తి మొత్తం కోర్టు చేతికి పోతుంది, సెక్షన్ 60 వస్తువులు అతనికే మిగులుతాయి. కానీ పిటిషన్‌కు ముందు 2 ఏళ్లలో వెల లేకుండా రాసిచ్చినవన్నీ రిసీవరు వెనక్కి లాగుతాడు. 3 నెలల లోపు ఒక అప్పులవాడికి పక్షపాతంగా కట్టినదీ లాగవచ్చు. ఈరోజు 8 సెంట్లు మీ పేర రాసి ఉంటే రేపటి ఐపీకి కూడా అదే అడ్డం.

ఈపీ_గుమస్తా:

సమన్ల కాగితం ఒకసారి తీసి చూడండి. పైన ‘ఆర్డర్ 37’ అని ఉంటే హాజరుకు 10 రోజులే, ప్రోనోటు దావాల్లో అలా వేస్తారు. మామూలు దావా అయితే జవాబు దాఖలుకు 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. అందిన తేదీ వెనక రాసి ఉంటుంది, అక్కడి నుంచే లెక్క. వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు సమన్లు, నోటు నకలు, ఇప్పటిదాకా కట్టినవాటి చీటీలు, పట్టా, మరదలి నగల బిల్లులు తీసుకెళ్లండి. సామాను ఎక్కడిది అక్కడే ఉండనివ్వండి.